హాస్టల్ లేదన్నారు

కవాడిగూడలో ఒక బస్తీ. ఆ బస్తీలో పక్క పక్క ఇళ్లలో ఇద్దరు ఆడవాళ్లు వుంటారు. పెద్దామె పూలు అమ్ముతుంది. చిన్నామె గాంధీనగర్‌లో రెండిళ్లలో వంట చేస్తుంది. ఇద్దరూ పిల్లల తల్లులయ్యాకే చదువు నేర్చుకున్నారు. ఇప్పుడు బస్సు మీద పేరు చదువుతారు. దుకాణం బోర్డు చదువుతారు. పెద్ద మాటలొస్తే కూడబలుక్కుని చదువుతారు.

ఒకరోజు పెద్దామెకు ఊరి నుంచి ఫోను వచ్చింది. ఆమె చెల్లెలి బిడ్డ ఇంటర్ పాసయింది. నారాయణగూడలో ఒక కాలేజీలో డిగ్రీ సీటు వచ్చింది. వారంలోగా వచ్చి చేరాలి. చేరకపోతే సీటు పోతుంది. తండ్రి మాత్రం ఒప్పుకోవటం లేదు.

"పట్నంల ఎక్కడుంటది? చదివింది చాలు. సంబంధం చూస్త" అంటున్నాడు.

పెద్దామె ఇల్లు ఒకటే గది. అందులో అయిదుగురు వుంటారు.

"నా దగ్గర వుంచుకుందామంటే కాళ్లు చాపుకునే జాగ లేదు. పిల్ల చదువు మునిగిపోతది" అని పెద్దామె దిగులు పడింది.

"అక్కా, అశోక్‌నగర్ పోదాం పా. ఆడ గల్లీ గల్లీకి హాస్టల్ బోర్డులున్నయి. అడిగొద్దాం" అంది చిన్నామె.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. ఒకప్పుడు డి.బి.ఆర్. మిల్లు నడిచిన చోటు దాటారు. ఇందిరా పార్కు పక్కగా నడిచి అశోక్‌నగర్ చేరారు. అక్కడ ఎటు చూసినా చదువుకునే పిల్లలే. భుజాన సంచి, చేతిలో పుస్తకం. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం వుంది. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నుంచి రాత్రి దాకా అక్కడే కూర్చుంటారు. వాళ్లలో ఆడపిల్లలూ వున్నారు. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చారు.

చిన్నామె ఒక గేటు ముందు ఆగింది. పైకి చూసి చదివింది.

"లే... డీ... స్. లేడీస్. హా... స్ట... ల్. లేడీస్ హాస్టల్!"

హాస్టల్ అంటే చదువుకునేవాళ్లు, ఉద్యోగం చేసేవాళ్లు డబ్బు కట్టి వుండే చోటు. పడుకోవటానికి మంచం, రెండు పూటలా తిండి, తలుపుకు గడియ. ఇవాళ ఇది మామూలు బోర్డు. కరెంటు స్తంభాలకు కూడా కట్టి వుంటుంది.

ఈ బోర్డు లేని కాలం ఒకటి వుండేది. సుమారు తొంభై ఏళ్ల కిందటి మాట. ఒకామె యూనివర్సిటీలో చదువుతానని వెళ్లింది. ఆమెకు అర్హత వుంది. మార్కులున్నాయి. అయినా చేర్చుకోలేమన్నారు. చెప్పిన కారణం ఒక్కటే. ఆడపిల్లలకు హాస్టల్ లేదు.

ఆమె పేరు దుర్గాబాయి. తర్వాతి కాలంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయింది. కవాడిగూడ ఆడవాళ్లలో చాలామందికి ఆ పేరు తెలుసు. ఆర్టీసీ క్రాస్ రోడ్డు దాటి, వి.ఎస్.టి. మీదుగా విద్యానగర్ వెళితే ఆ పేరుతో ఆస్పత్రి వుంది. ఆస్పత్రికి పేరున్న ఆ మనిషి ఎవరు? హాస్టల్ లేదంటే ఆమె ఏం చేసింది?

ఎనిమిదేళ్లకు పెళ్లి

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. ఆ రోజుల్లో పసితనంలోనే పెళ్లి చేసేవారు. దుర్గాబాయికి ఎనిమిదేళ్లకే పెళ్లయింది. బొమ్మలతో ఆడుకునే వయసు అది.

పెద్దయ్యాక ఆమె ఆ పెళ్లి వద్దనుకుంది. కాపురానికి వెళ్లలేదు. తండ్రి, తమ్ముడు ఆమె పక్కన నిలబడ్డారు. ఇవాళ కూడా ఇది తేలిక కాదు. ఆ రోజుల్లో ఎంత కష్టమో ఆలోచించండి.

బడి సంగతి కూడా ఇలాంటిదే. బళ్లో పాఠాలన్నీ ఇంగ్లీషులో చెప్పటం మొదలుపెట్టారు. మన భాషలో ఎందుకు చెప్పరని ఆ పిల్ల బడి మానేసింది. అప్పుడు ఆమెకు సుమారు పన్నెండేళ్లు. బడి మానేసి వూరుకోలేదు. తను హిందీ నేర్చుకుంది. నేర్చుకున్నది ఆడవాళ్లకు చెప్పటానికి బాలికా హిందీ పాఠశాల పెట్టింది. చిన్నపిల్ల పంతులమ్మ అయింది. తనకంటే పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దించింది.

1921లో గాంధీ గారు కాకినాడ వచ్చారు. ఆ ఊళ్లో దేవదాసీలు వుండేవారు. సంఘం వాళ్లను దూరంగా పెట్టింది. బురఖా వేసుకునే ముస్లిం ఆడవాళ్లు కూడా పెద్ద సభలకు రాలేరు. గాంధీ గారి మాట వీళ్లు కూడా వినాలి కదా అని దుర్గాబాయి అనుకుంది. ఊరి పెద్దల దగ్గరికి వెళ్లి అడిగింది. అయిదు వేల రూపాయలు విరాళం పోగుచేస్తే గాంధీ గారిని పంపిస్తామని వాళ్లు చెప్పారు. అయిదు వేలంటే ఆ కాలంలో చాలా పెద్ద డబ్బు. పిల్ల తేలేదులే అనుకుని వుంటారు. దేవదాసీలే ఆ డబ్బు పోగుచేశారు.

ఆ సభకు అయిదు నిమిషాలు ఇస్తామన్నారు. గాంధీ గారు అంతకంటే చాలాసేపు వున్నారు. ఆయన హిందీలో మాట్లాడితే దుర్గాబాయి తెలుగులో చెప్పింది. ఆడవాళ్లు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. ఆ తర్వాత ఊరి పెద్ద సభలో కూడా గాంధీ గారి మాటలు తెలుగులో చెప్పే పని ఆ పిల్లకే ఇచ్చారు.

1923లో కాకినాడలోనే కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. దుర్గాబాయి వలంటీరు. చిన్నపిల్ల కదా అని ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర కాపలా పెట్టారు. టికెట్ లేనిదే ఎవరినీ పంపొద్దని చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చాడు. ఆయన దగ్గర టికెట్ లేదు. దుర్గాబాయి ఆపేసింది. పెద్దవాళ్లు పరుగున వచ్చి కోప్పడ్డారు. చివరకు టికెట్ కొనే ఆయన లోపలికి వెళ్లాడు. పిల్ల తన పని సరిగ్గా చేసిందని మెచ్చుకున్నాడు. ఈ కథ తెలుగునాట చాలామంది చెప్పుకుంటారు. ముప్పై ఏళ్ల తర్వాత అదే నెహ్రూ ఆమె పెళ్లికి సాక్షి సంతకం పెట్టాడు. ఆ సంగతి ముందు వస్తుంది.

జైలులో చూసిన ఆడవాళ్లు

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. దుర్గాబాయి మద్రాసులో సత్యాగ్రహం నడిపింది. పోలీసులు అరెస్టు చేశారు. 1930 నుంచి 1933 లోపల మూడుసార్లు జైలుకు వెళ్లింది. వేలూరు జైలు, మధుర జైలు. మధురలో ఒంటరి గదిలో పెట్టారు. చుట్టుపక్కల గదుల్లో హత్య కేసుల్లో శిక్ష పడ్డ ఖైదీలు.

జైళ్లలో ఆమె మామూలు ఖైదీ ఆడవాళ్లను చూసింది. వాళ్లతో మాట్లాడింది. చాలామందికి తమ కేసు ఏమిటో సరిగ్గా తెలియదు. కోర్టులో ఏం చెప్పుకోవాలో తెలియదు. వకీలును పెట్టుకునే స్తోమత లేదు. ఎక్కడ వేలిముద్ర వేయమంటే అక్కడ వేశారు. వేలిముద్ర వేసినవాళ్లకే ఆ భయం తెలుస్తుంది. కాగితంలో ఏముందో తెలియదు, వేలు మాత్రం నల్లగా అవుతుంది.

చట్టం చదవాలని దుర్గాబాయి అక్కడే అనుకుంది. ఇలాంటి ఆడవాళ్ల తరఫున కోర్టులో నిలబడి మాట్లాడాలి. లా చదవాలంటే ముందు డిగ్రీ వుండాలి. డిగ్రీకి ముందు ఇంటర్, దానికి ముందు మెట్రిక్. మెట్రిక్ అంటే ఇప్పటి పదో తరగతి లాంటిది. ఆమెకు మెట్రిక్ కూడా లేదు. చిన్నప్పుడే బడి మానేసింది కదా.

జైలు నుంచి వచ్చేటప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. ఒకప్పుడు వద్దన్న ఇంగ్లీషునే ఇప్పుడు కూర్చుని నేర్చుకుంది. చిన్నప్పుడు వద్దన్నది తప్పా, పెద్దయ్యాక నేర్చుకున్నది తప్పా అని అడిగితే రెండూ తప్పు కావు. బడిలో పిల్లలకు సొంత భాషలో చెప్పాలి. కోర్టుకు వెళ్లేవాళ్లకు మాత్రం ఆ రోజుల్లో ఇంగ్లీషు లేక జరగదు.

కాశీలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వుంది. ఇంట్లో చదువుకుని మెట్రిక్ పరీక్ష రాసే వీలు అక్కడ వుండేది. దుర్గాబాయి అలా రాసి పాసయింది. తర్వాత అక్కడే ఇంటర్ పాసయింది. డిగ్రీలో రాజనీతి శాస్త్రం చదువుతానంది. రాజనీతి శాస్త్రం అంటే ప్రభుత్వం ఎలా నడుస్తుందో, ఎలా నడవాలో చెప్పే చదువు. అక్కడ ఆడవాళ్లకు ఆ చదువు లేదన్నారు. దాంతో ఆమె తెలుగునాడుకు తిరిగి వచ్చింది.

వాల్తేరులో ఏం జరిగింది

విశాఖపట్నం వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వుంది. ఆంధ్రా యూనివర్సిటీ అంటారు. 1926లో పెట్టారు. అప్పుడు దానికి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. వైస్ ఛాన్సలర్ అంటే యూనివర్సిటీని నడిపే పెద్ద. రామలింగారెడ్డి గొప్ప పండితుడు. పేరున్న మనిషి.

దుర్గాబాయి ఆయన దగ్గరికి వెళ్లి సీటు అడిగింది. ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి చేర్చుకోలేమని ఆయన జవాబు.

పైకి ఇది న్యాయమైన మాటలాగే కనపడుతుంది. హాస్టల్ లేకపోతే పిల్ల ఎక్కడుంటుంది? ఏదైనా జరిగితే ఎవరు పూచీ? ఇప్పుడు ఊళ్లో తండ్రి అడుగుతున్నది కూడా ఇదే. కానీ ఈ మాటను ఇంకోవైపు నుంచి చూడాలి. హాస్టల్ లేదని ఆడపిల్లలను చేర్చుకోరు. ఆడపిల్లలు లేరని హాస్టల్ కట్టరు. ఇలా ఎన్నేళ్లయినా గడిచిపోతుంది. ఎవరి తప్పూ లేనట్లే వుంటుంది. పిల్లలు మాత్రం ఇంట్లోనే వుండిపోతారు.

దుర్గాబాయి ఏడవలేదు, తిట్టలేదు. పత్రికల్లో ఒక ప్రకటన వేయించింది. చదవాలని వుండి, హాస్టల్ లేక ఆగిపోయిన ఆడపిల్లలు వుంటే తనకు రాయమని కోరింది.

ప్రకటన ఎంత వుంటుంది? నాలుగు ముక్కలు. అది పేపరులో పడితే ఊరూరికీ పోతుంది. ఎక్కడో ఒక ఇంట్లో ఒక పిల్ల చదువుతుంది. తనలాంటిది తనొక్కతే అనుకుంటున్న పిల్ల అది. ఉత్తరాలు వచ్చాయి. చదువుతామని కొంతమంది ఆడపిల్లలు ముందుకు వచ్చారు.

ఇప్పుడు దుర్గాబాయి చేతిలో పేర్లున్నాయి. ఆడపిల్లలు లేరనే మాట ఇక చెల్లదు. హాస్టల్ సంగతి యూనివర్సిటీ చూడకపోతే తామే చూసుకుంటామంది. వాళ్లంతా కలిసి సొంతంగా హాస్టల్ నడుపుకున్నారు. యూనివర్సిటీ వాళ్లను చేర్చుకుంది.

హాస్టల్ నడపటం ఎంత పనో ఇల్లు నడిపే ఆడవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అద్దె కట్టాలి. బియ్యం, పప్పు, కట్టెలు తేవాలి. ఎవరు ఎంత ఇచ్చారో లెక్క రాయాలి. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు చూడాలి. ఎవరి తండ్రి అయినా వచ్చి అడిగితే మీ పిల్ల క్షేమంగా వుందని చూపించాలి. ఒక్కళ్ల మీద మాట వస్తే అందరి చదువూ ఆగిపోతుంది. ఈ భారమంతా మోస్తూ పరీక్షలకు చదవాలి. దుర్గాబాయి ఆ పిల్లలందరికంటే పెద్దది. ఆమెకు అప్పటికి ఇరవై ఏడేళ్లు. వేరే ఇళ్లలో ఆ వయసుకు నలుగురు పిల్లల తల్లి అయ్యేది.

దుర్గాబాయి 1939లో బి.ఏ. ఆనర్స్ పాసయింది. మంచి మార్కులు వచ్చాయి. లండన్ వెళ్లి చదువుకోవటానికి స్కాలర్‌షిప్ కూడా ఇచ్చారు. స్కాలర్‌షిప్ అంటే చదువు కోసం ఇచ్చే డబ్బు. బడి మానేసిన పిల్లకు ఇది దక్కిన గౌరవం. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. లండన్ వెళ్లటం కుదరలేదు. ఆమె మద్రాసులోనే లా చదివింది. 1942లో వకీలు అయింది.

అదే రోజుల్లో హైదరాబాదులో

వాల్తేరు కథ చదివి, మన ఊళ్లో ఎలా వుండేదని మీకు అనిపించవచ్చు. ఇక్కడ అప్పుడు నిజాం పాలన. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైంది. అక్కడ చదువంతా ఉర్దూలో. తెలుగు ఇళ్లలో పుట్టిన ఆడపిల్లలకు తెలుగులో చదివే పెద్ద బడి లేదు.

మాడపాటి హనుమంతరావు గారు, ఆయన మిత్రులు కలిసి 1928లో ఆంధ్ర బాలికల ఉన్నత పాఠశాల పెట్టారు. అదే నారాయణగూడ బడి. కవాడిగూడ నుంచి నడిచి వెళ్లేంత దూరం. అందులో పాఠాలు తెలుగులో చెప్పేవారు. తెలుగులో చదివిన పిల్లలకు ఉస్మానియా పరీక్ష కుదరదు. మహారాష్ట్రలో కార్వే అనే ఆయన ఆడవాళ్ల కోసమే ఒక యూనివర్సిటీ పెట్టాడు. అక్కడ పరీక్షలు సొంత భాషలో రాయొచ్చు. నారాయణగూడ పిల్లలు ఆ యూనివర్సిటీ పరీక్షలు రాశారు. ఒక తలుపు మూస్తే ఎక్కడో వున్న ఇంకో తలుపు వెతుక్కున్నారు.

బిజినేపల్లి నుంచి వచ్చిన ఒక పిల్ల ఆ నారాయణగూడ బళ్లో చదివింది. ఆమె పాకాల యశోదారెడ్డి. తర్వాత పాలమూరు మాటల్లో కథలు రాసి పెద్ద రచయిత్రి అయింది. మాడపాటి హనుమంతరావు గారు 1951లో హైదరాబాదుకు మొదటి మేయర్ అయ్యారు.

పిల్లల ఆటల నుంచి మహిళా సభ దాకా

ఇక మళ్లీ దుర్గాబాయి సంగతి. మద్రాసులో ఆమె ఇంటి దగ్గర పిల్లలను పోగుచేసి ఆటలు, పాటలు నేర్పేది. పిల్లల వెంట తల్లులు వచ్చారు. తల్లులు తమకూ ఏదైనా నేర్పమన్నారు. అలా 1937లో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. అంటే ఆమె ఇంకా వాల్తేరులో చదువుకుంటున్న రోజులవి.

మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్లకు ఆ సభలో మెట్రిక్ చదువు చెప్పారు. బనారస్ పరీక్షకు పంపారు. తను వెళ్లిన దారిలోనే వాళ్లను పంపిందన్నమాట. తర్వాత కుట్టుపని, నర్సు పని, ఆస్పత్రి, బడి, అన్నీ వచ్చాయి. ఆడపిల్లలకు వసతి కూడా ఏర్పాటు చేశారు.

1946లో ఆమె రాజ్యాంగ సభకు ఎన్నికైంది. మన దేశం ఎలా నడవాలో రాసిన సభ అది. అందులో ఆడవాళ్లు పదిహేను మంది. వాళ్లలో దుర్గాబాయి ఒకతె. 1952లో లోక్‌సభ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయింది. ఇది కూడా చెప్పుకోవాలి. గొప్పవాళ్ల కథల్లో ఓటమి దాచేస్తారు. ఓడిపోయిన తర్వాత ఆమెను ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా వేశారు. అక్కడ చింతామణ్ దేశ్‌ముఖ్ పరిచయం. ఆయన అప్పుడు దేశానికి ఆర్థిక మంత్రి. 1953 జనవరిలో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆమెకు నలభై మూడేళ్లు. నెహ్రూ సాక్షి సంతకం పెట్టింది ఈ పెళ్లికే.

అదే సంవత్సరం కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయి. 1958లో ఆ బోర్డు ఒక కొత్త చదువు మొదలుపెట్టింది. బడి మానేసిన పెద్ద ఆడవాళ్లు చాలా ఏళ్ల చదువును రెండేళ్లలో పూర్తిచేసే చదువు అది. దాన్ని చదివి ఎందరో టీచర్లు, నర్సులు, గ్రామసేవికలు అయ్యారు.

భార్యాభర్తల తగాదాలకు వేరే కోర్టులుండాలని కూడా ఆమె చాలా ముందే చెప్పింది. 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడ అలాంటి కోర్టులు చూసింది. ఇక్కడి జడ్జీలతో, నెహ్రూతో మాట్లాడింది. ఆ చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె లేదు. ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కిన ఆడవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పరు.

దేశ్‌ముఖ్ దంపతులు చివరి రోజుల్లో హైదరాబాదులో వున్నారు. ఉస్మానియా యూనివర్సిటీ దగ్గర మహిళా సభ కాలేజీలు, ఆస్పత్రి వచ్చాయి. పెద్దవాళ్ల చదువు కోసం లిటరసీ హౌస్ పెట్టారు. రాత్రి బడుల్లో చదివే వాచకాలు ఎన్నో అక్కడ తయారయ్యాయి. అక్షరాస్యత కోసం చేసిన పనికి 1971లో ఆమెకు నెహ్రూ లిటరసీ అవార్డు వచ్చింది. 1975లో పద్మవిభూషణ్ ఇచ్చారు. అదే సంవత్సరం ఆమె భర్తకు కూడా పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న ఆమె చనిపోయింది.

హాస్టల్ లేదని పంపేసిన ఆ ఆంధ్రా యూనివర్సిటీలో ఇప్పుడు ఆడవాళ్ల గురించి చదివే ఒక విభాగం వుంది. దాని బోర్డు మీద దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు రాసి వుంది.

అశోక్‌నగర్‌లో ఏమైంది

ఇద్దరు ఆడవాళ్లూ ఆ ఆదివారం నాలుగు హాస్టళ్లు తిరిగారు. చిన్నామె దగ్గర పిల్లవాడి పాత నోటు పుస్తకం వుంది. అడిగినవన్నీ అందులో రాసుకుంది. అక్షరాలు వంకరగా వచ్చాయి. అయినా అర్థమవుతాయి.

మొదటి దాంట్లో ఒక గదిలో ఎనిమిది మంచాలు. కిటికీ లేదు. "నిప్పంటుకుంటే ఎట్ల బయటపడాలె?" అని పెద్దామె అడిగింది. జవాబు సరిగ్గా రాలేదు. రెండో దాంట్లో అడ్వాన్సు ఎక్కువ అడిగారు. రసీదు ఇవ్వమన్నారు. ఇద్దరూ వచ్చేశారు.

మూడోది బాగుంది. వార్డెన్ అక్కడే వుంటుంది. వార్డెన్ అంటే హాస్టల్ చూసుకునే మనిషి. రాత్రి ఎన్ని గంటలకు గేటు వేస్తారు, నీళ్లు ఎప్పుడు వస్తాయి, ఇంటివాళ్లు ఎప్పుడు రావొచ్చు, అన్నీ చెప్పింది. నెల డబ్బు విని పెద్దామె గుండె ఆగినంత పనయింది.

నాలుగో హాస్టల్లో ఒక పిల్ల బట్టలు ఆరేస్తూ వుంది. ఆమె ఒక మంచి మాట చెప్పింది.

"పెద్దమ్మా, ముందు సర్కారు హాస్టల్ అడుగుండ్రి. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకు కాలేజీ చదువుకు సంక్షేమ హాస్టళ్లున్నయి. కాలేజీల చేరినంక బోనఫైడ్ కాగితమిస్తరు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆధార్ పెట్టి దరఖాస్తు చెయ్యాలె. సీటు దొరికేదాంక ఇట్లాంటి దాంట్ల వుండొచ్చు."

బోనఫైడ్ అంటే ఈ పిల్ల మా కాలేజీలో చదువుతోందని కాలేజీ ఇచ్చే కాగితం. పిల్ల ముందు కాలేజీలో చేరాలి. అప్పుడే ఆ కాగితం వస్తుంది. అందుకే వారం దాటనివ్వకూడదు. సొంతంగా వసతి కూడా వున్న ప్రభుత్వ మహిళా డిగ్రీ గురుకులాలు తెలంగాణలో 2016 నుంచి వున్నాయి. ఈ ఏడు సీటు పోతే వచ్చే ఏడు అటు కూడా చూడొచ్చు.

పెద్దామె అక్కడే మెట్ల మీద కూర్చుని ఊరికి ఫోను చేసింది. మరిదిని పిలవమంది.

"చూడు మరిదీ. ఉండేటందుకు జాగ దొరికింది. వార్డెన్ ఆడామె. కాలేజీకి నడిచిపోవచ్చు. ఒక్క నెల డబ్బులు నేను సర్దుత. నువ్వు సర్టిఫికెట్లు పట్టుకోని బుధవారం పిల్లను తోలుకరా. నీ కండ్లతోటి నువ్వే చూడు. నచ్చకుంటే అప్పుడు మాట్లాడుదం."

అవతల కాసేపు ఏ మాటా లేదు.

"పేరేంది ఆ హాస్టల్‌ది?" అని అడిగాడు.

పెద్దామె ఫోను చెవికి పెట్టుకునే మెడ ఎత్తి బోర్డు వైపు చూసింది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివి చెప్పింది. కింద వున్న ఫోను నంబరు కూడా చదివింది. పది అంకెలు. అతను రాసుకుని తిరిగి చదివాడు. ఒక అంకె తప్పు. పెద్దామె మళ్లీ చెప్పింది.

మాట్లాడుకోండి, రాయండి

మీకు తెలిసిన ఏ ఆడపిల్ల చదువు వసతి లేక ఆగిపోయింది? బస్సు లేక, బాత్‌రూము లేక ఆగినవాళ్లు వున్నారా? వాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాయండి.

దుర్గాబాయి పత్రికలో వేయించిన లాంటి ప్రకటన మీ బస్తీ కోసం మీరే రాయండి. నాలుగు ముక్కలు చాలు. ఎవరు రావాలి, ఎందుకు రావాలి, ఎక్కడికి రావాలి, ఎప్పుడు రావాలి. రాసింది పక్కామెతో చదివించండి. ఆమెకు అర్థం కాని చోట మళ్లీ రాయండి.